కోడి రామ్మూర్తి, గామా పైల్వాన్ బరిలో ఎదురుపడి ఉంటే?

మొన్న సంఘం మీటింగు అయిపోయాక టీ తాగుతూ కూర్చున్నాం. పక్కన మన పిల్లలు నలుగురైదుగురు ఫోను మధ్యలో పెట్టుకొని గట్టిగా వాదించుకుంటున్నారు. సంగతేమిటని అడిగితే, మహమ్మద్ అలీ, మైక్ టైసన్ ఇద్దరూ మంచి వయసులో ఉండగా రింగులో ఎదురుపడి ఉంటే ఎవరు గెలిచేవారని. ఒకడు అలీ కాళ్ళ వేగం చూడమంటాడు. ఇంకొకడు టైసన్ గుద్దు ఒక్కటి తగిలితే చాలంటాడు. వినీ వినీ మా పెద్దాయన ఒకరు కలగజేసుకొని, మన కోడి రామ్మూర్తి ముందు వాళ్ళిద్దరూ కలిసి వచ్చినా నిలిచేవాళ్ళు కాదని తేల్చేశారు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ పేరు వాళ్ళలో ఒక్కరూ వినలేదు.

పెద్దాయనకు కోపం వచ్చింది. కానీ తప్పు పిల్లలది కాదు. చెప్పాల్సిన వాళ్ళం మనం చెప్పలేదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అసలు ఈ వాదన మన ఇళ్ళల్లో కొత్తదేమీ కాదు. కామాఠీపురా గల్లీల్లో, వర్లీ చాల్‌లలో మా చిన్నప్పుడు కూడా ఇదే జరిగేది, పేర్లే వేరు. గామా గొప్పా, దారా సింగ్ గొప్పా, కింగ్ కాంగ్ గొప్పా అని రాత్రి భోజనాలయ్యాక వరండాలో మొదలైన ముచ్చట ఎప్పటికో గానీ తెగేది కాదు. వర్లీ వల్లభ్‌భాయి పటేల్ స్టేడియంలో కుస్తీ చూసి వచ్చినవాళ్ళు ఒక పక్కన, చూడనివాళ్ళు ఒక పక్కన. చివరికి ఎవరో ఒక తాత కోడి రామ్మూర్తి పేరు తీసేవారు. దాంతో అందరూ ఊరుకునేవారు. ఆయన గురించి ఎవరికీ పూర్తిగా తెలియదు, కాదనే ధైర్యమూ ఎవరికీ లేదు.

ఇన్నేళ్ళ తర్వాత ఆ పేరు మళ్ళీ వచ్చింది కాబట్టి, ఆయన జీవితం ఎలా సాగిందో ముందు చెబుతాను. తర్వాత గామాతో పోటీ సంగతి చూద్దాం.

వీరఘట్టం నుంచి విజయనగరం

కోడి రామ్మూర్తి నాయుడు 1880ల తొలి ఏళ్ళలో వీరఘట్టంలో పుట్టారు. ఆ ఊరు చాలాకాలం శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. 2022లో జిల్లాలు విడగొట్టాక పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. చిన్నతనంలోనే తల్లి పోయింది. తండ్రి వెంకన్న నాయుడు కొడుకును విజయనగరంలో ఉన్న పినతండ్రి నారాయణస్వామి ఇంటికి పంపారు. ఆయన పోలీసు శాఖలో పనిచేసేవారు. పిల్లవాడికి చదువు మీద కంటే కసరత్తు మీద ధ్యాస ఎక్కువని కనిపెట్టి, తిట్టి కూర్చోబెట్టకుండా తాలీంకు పంపారు. ఆ ఒక్క పనికి ఆయన్ని కూడా మనం గుర్తుపెట్టుకోవాలి.

విజయనగరంలో అప్పట్లో సాము గరిడీలకు, కుస్తీలకు మంచి ఆదరణ ఉండేది. రామ్మూర్తి దండీలు, బస్కీలు తీసి, కుస్తీ పట్లు నేర్చి, పాతికేళ్ళు రాకముందే ఛాతీ మీద టన్నుకు పైగా బరువు మోయగలిగే స్థాయికి వచ్చారు. తర్వాత మద్రాసు సైదాపేటలో ఏడాది పాటు వ్యాయామ శిక్షణ తీసుకొని, తిరిగి విజయనగరం వచ్చి బడిలో డ్రిల్లు మాస్టారుగా చేరారు. నెల జీతం, ఇల్లు, ఊళ్ళో గౌరవం. అక్కడే ఆగిపోయి ఉంటే ఒక మంచి మాస్టారుగా మిగిలేవారు, ఇవాళ ఆయన గురించి ముంబైలో కూర్చొని మనం మాట్లాడుకునేవాళ్ళం కాదు.

కానీ ఆయన ఉద్యోగం వదిలేశారు. విజయనగరంలో పొట్టి పంతులు అనే మిత్రుడి సాయంతో సర్కస్ కంపెనీ పెట్టారు. ఊరూరా డేరా వేసుకొని తిరిగే బతుకు. తెలుగు జిల్లాల్లో మొదలై మద్రాసు, హైదరాబాదు, పూనా, కలకత్తా, అలహాబాదు దాకా ఆ డేరా నడిచింది. తెలుగువాడు పొట్ట చేతబట్టుకొని పరాయి రాష్ట్రానికి పోవడం మనకు తెలిసిన కథే. మన కామాఠీల తాతలు నిజాం ఇలాకా నుంచి రాళ్ళు మోయడానికి, గోడలు కట్టడానికి బొంబాయి వచ్చారు. రామ్మూర్తి కూడా బరువులు మోసే బయటి ఊళ్ళు తిరిగారు. తేడా ఏమిటంటే, ఆయన మోస్తుంటే జనం టిక్కెట్టు కొని చూశారు.

డేరాలో ఏం చేసేవారు

ఆయన ప్రదర్శనలో మూడు అంశాలకు పెద్ద పేరు. మొదటిది, ఒంటికి చుట్టిన లావుపాటి ఇనుప గొలుసును ఊపిరి బిగబట్టి ఛాతీ పొంగించి తెంపేయడం. రెండోది, రెండు మోటారు కార్లకు గొలుసులు కట్టి, ఆ గొలుసులు రెండు చేతులకు తగిలించుకొని, చెరో పక్కకూ లాగుతున్న కార్లను కదలకుండా ఆపడం. మూడోది అన్నిటికంటే పెద్దది. నేల మీద పడుకొని, ఛాతీ మీద బల్ల వేయించుకొని, ఏనుగును ఎక్కించుకోవడం.

వీటిలో మోసం ఉందా అని ఇప్పటి పిల్లలు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. బల్ల ఉండడం వల్ల ఏనుగు బరువు ఒక్కచోట పడకుండా ఒళ్ళంతా పరుచుకుంటుంది. కారు విషయంలో అది వేగం అందుకోకముందే బిగించి పట్టాలి. కాలు ఎక్కడ ఆనించాలి, నడుం ఎలా పెట్టాలి అన్నది తెలియాలి. ఆనాటి కార్ల ఇంజిన్లు కూడా ఇప్పటివాటంత బలమైనవి కావు. గొలుసు తెంపడంలో ఒక్క క్షణంలో బలమంతా ఒక్కచోటికి తేవాలి. అంటే కిటుకు ఉంది. కానీ కిటుకు తెలిసినంత మాత్రాన మనం ఏనుగు కింద పడుకోగలమా? పక్కటెముకలు ఓర్చుకోవాలి, ఊపిరి ఆగాలి, మనసు బెదరకూడదు. ఆ మూడూ ఏళ్ళ తరబడి కసరత్తుతో వచ్చేవే. లెక్కలో బల్లనూ రాయాలి, మనిషినీ రాయాలి. ఒకటి రాసి ఇంకొకటి దాచితే లెక్క తప్పుతుంది.

ఆయన తన బలానికి కారణంగా చెప్పుకున్నవి ప్రాణాయామం, శాకాహారం, నిగ్రహం. మాంసం తినకపోతే ఒంట్లో సత్తువ ఉండదని చెప్పే రోజుల్లో ఆయన పప్పూ కూరా తిని ఏనుగును మోశారు. వాయుస్తంభన అంటూ ఊపిరిని ఆపి ఒళ్ళు బిగించే పద్ధతిని జనానికి చూపించి, వివరించేవారు. ప్రదర్శన అయ్యాక పిల్లలకు కసరత్తు గురించి ఉపన్యాసం ఇచ్చేవారు. బడి వదిలినా మాస్టారుతనం పోలేదు. వాల్‌పోస్టర్ల మీద కూడా ఆయన పేరు ప్రొఫెసర్ రామ్మూర్తి అనే పడేది.

పూనాలో ఆయన ప్రదర్శన చూసి లోకమాన్య తిలక్ మల్లమార్తాండ అనే బిరుదు ఇచ్చి, విదేశాలకు వెళ్ళి మన దేశం సత్తా చూపించమని ప్రోత్సహించారని చెబుతారు. మన మరాఠీ ఇరుగుపొరుగుతో చెప్పుకోదగ్గ ముచ్చట ఇది. ఉత్తరాదిన మదన్ మోహన్ మాలవీయ ఆయన్ని ఆదరించారు. కలకత్తాలో డేరా వేసినప్పుడు ఒక బెంగాలీ కుర్రవాడు ఆయన్ని చూసి ఇల్లు వదిలి సర్కస్‌లో చేరిపోయాడు. ఆ కుర్రవాడే తర్వాత భీమ భవానీగా బెంగాల్ అంతా పేరు పొందాడు. బెంగాలీలు భీమ భవానీ కథ చెప్పుకున్నప్పుడల్లా ఆయన గురువుగా మన తెలుగువాడి పేరు వస్తుంది.

సముద్రం దాటి బ్రిటన్ వెళ్ళినప్పుడు ఐదో జార్జి చక్రవర్తి, మేరీ రాణి ఆయన ప్రదర్శన చూశారు. ఇండియన్ హెర్క్యులిస్ అనే పేరు అక్కడ వచ్చింది. మన దగ్గర కలియుగ భీముడన్నారు. స్పెయిన్‌లో పోట్లగిత్తను కొమ్ములు పట్టి పడేశారని కూడా మన ఇళ్ళల్లో చెప్పుకుంటారు.

ఆ రోజుల్లో బలానికి ఉన్న విలువ

ఇవన్నీ 20వ శతాబ్దం మొదటి పాతికేళ్ళలో జరిగిన సంగతులు. అప్పుడు బలం అంటే వినోదం మాత్రమే కాదు. ఇండియావాళ్ళు బక్కవాళ్ళు, పిరికివాళ్ళు, అందుకే మేం ఏలుతున్నాం అని దొరలు అనుకునే కాలం. ప్రష్యాలో పుట్టి లండన్‌లో స్థిరపడిన యూజెన్ శాండో పేరు అప్పుడు ప్రపంచమంతా మోగుతోంది. కండలు చూపించి, కసరత్తు పుస్తకాలు, పరికరాలు అమ్మి పెద్ద వ్యాపారం చేసినవాడు. 1901లో లండన్ ఆల్బర్ట్ హాలులో శరీర సౌష్ఠవ పోటీ పెట్టాడు. 1904, 1905 ప్రాంతాల్లో మన దేశానికి కూడా వచ్చి ఊరూరా ప్రదర్శనలిచ్చాడు. అప్పటి నుంచి కండ ఉన్న ప్రతివాణ్ణీ శాండో అనడం అలవాటైంది. చేతుల్లేని బనియన్‌కు కూడా ఆ పేరే మిగిలింది.

రామ్మూర్తిని ఇండియన్ శాండో అన్నవాళ్ళూ ఉన్నారు. నిజానికి ఇద్దరి దారులు వేరు. శాండోది అద్దం ముందు నిలబడి చూసుకునే ఒళ్ళు, అంగుళాల్లో కొలిచే కండ. రామ్మూర్తిది లోపలి ఊపిరి మీద నిలిచిన బలం. శాండో డంబెల్స్ అమ్మాడు. రామ్మూర్తి దండీలు, బస్కీలు చాలు, ఖర్చు లేదని చెప్పారు. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఫోటో తీస్తే శాండోకే మార్కులు పడేవి. ఇద్దరి మీదా ఏనుగును ఎక్కిస్తే రామ్మూర్తికి పడేవి.

గామా సంగతి

ఇక అసలు ప్రశ్న. గామా పైల్వాన్ 1878లో పంజాబులో పుట్టాడు. అంటే రామ్మూర్తి కంటే నాలుగైదేళ్ళు పెద్ద, అంతే. వేర్వేరు తరాలవాళ్ళు కాదు, ఒకే కాలంవాళ్ళు. 1910లో గామా లండన్ వెళ్ళి అమెరికా పైల్వాన్ బెంజమిన్ రోలర్‌ను పడగొట్టాడు. అదే ఏడాది సెప్టెంబర్ 10న పోలండ్‌కు చెందిన జిబిస్కోతో తలపడ్డాడు. జిబిస్కో గామాకు దొరకకుండా బోర్లా పడుకొని నేలను కరిచిపెట్టుకొని దాదాపు మూడు గంటలు గడిపాడు. పోటీ డ్రా అయింది. మళ్ళీ వారం పోటీకి జిబిస్కో రానేలేదు. జాన్ బుల్ బెల్టు గామాకు ఇచ్చేశారు. 1928లో పటియాలాలో ఇద్దరూ మళ్ళీ ఎదురుపడితే గామా ఒక్క నిమిషం కూడా పట్టకుండా జిబిస్కోను చిత్ చేశాడు. అప్పటికి గామాకు దాదాపు 50 ఏళ్ళు.

ఇది చూడండి. ఒకే ఇద్దరు మనుషులు. ఒకసారి మూడు గంటలైనా తేలలేదు, ఇంకోసారి నిమిషంలో తేలింది. లండన్‌లో మెత్తటి పరుపు మీద అక్కడి రూల్సుతో, పటియాలాలో మన నేల మీద మన కుస్తీతో. బరి మారితే ఫలితం మారిపోయింది. బతికున్న ఇద్దరి మధ్యనే ఇంత తేడా ఉంటే, ఎప్పుడూ తలపడని ఇద్దరి గురించి మనం వరండాలో కూర్చొని ఏం తేల్చగలం?

అయినా అడిగారు కాబట్టి నా అభిప్రాయం చెబుతాను. మట్టి బరిలో, లంగోటా కట్టి, రెండు భుజాలూ నేలకు తగిలితే ఓడినట్టు అనే లెక్కన గామా, రామ్మూర్తి తలపడి ఉంటే గామాయే గెలిచేవాడు. మా పెద్దాయన నా మీద కోప్పడతారని తెలుసు. కానీ కారణం వినండి. ఏనుగు పట్టు మార్చదు. గొలుసు పక్కకు తప్పుకోదు. కారు ఒకే దిక్కుకు లాగుతుంది. రామ్మూర్తి ఎదుర్కొన్నది బరువును. గామా ఎదుర్కొన్నది మనిషిని. ఎదుటివాడు ఏ క్షణం ఏ పట్టు పడతాడో, ఎటు జారతాడో కనిపెట్టి అతనికంటే ముందు కదలడం వేరే విద్య. గామా బాల్యం నుంచి రోజూ అదే పని చేశాడు, వేలల్లో బైఠకులు, దండీలు తీసి, పదుల మందితో జోర్ పట్టి. రామ్మూర్తికి కుస్తీ తెలుసు, కానీ బతుకంతా డేరాలో గడిచింది.

అదే గామాను తెచ్చి రామ్మూర్తి బల్ల కింద పడుకోబెట్టి ఏనుగును ఎక్కిస్తే గామా లేవగలిగేవాడా? బలవంతుడే, బరోడా మ్యూజియంలో ఆయన ఎత్తారని చెప్పే పెద్ద రాయి ఇప్పటికీ ఉంది. కానీ ఆ పని రామ్మూర్తిది. ఆ పనిలో ఆయన్ని కొట్టేవాడు కనిపించడు.

కంప్యూటర్ చెప్పిన తీర్పు

పిల్లలు ఇక్కడ కంప్యూటర్‌ను అడిగితే పోలా అంటారు. అదీ జరిగింది. 1960లలో అమెరికాలో ముర్రే వోరోనర్ అనే రేడియో ఆయన పాత, కొత్త హెవీవెయిట్ చాంపియన్ల వివరాలన్నీ కంప్యూటర్‌లో పెట్టి ఎవరు ఎవర్ని గెలుస్తారో రేడియోలో చెప్పించాడు. అందులో అలీ, ఎప్పుడో 1899లో చాంపియన్ అయిన జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడిపోయాడని వచ్చింది. అలీకి ఒళ్ళు మండి కోర్టుకెక్కాడు.

ఆ తర్వాత 1969లో అలీనీ, ఒక్క పోటీ కూడా ఓడకుండా 49 గెలిచి రిటైరైన రాకీ మార్సియానోనూ పిలిచి, ఇద్దరి చేతా ఉత్తుత్తి పోటీ చేయించి సినిమా తీశారు. మార్సియానో బట్టతల మీద విగ్గు పెట్టుకొని, ఒళ్ళు తగ్గించుకొని వచ్చాడు. ఎవరు గెలుస్తారో ఆ ఇద్దరికీ చెప్పలేదు. షూటింగు అయిన మూడు వారాలకు, ఆగస్టు 31న, మార్సియానో విమాన ప్రమాదంలో చనిపోయాడు. 1970 జనవరిలో సినిమా థియేటర్లలో వేశారు. అమెరికాలో చూసినవాళ్ళకు 13వ రౌండులో మార్సియానో నాకౌట్‌తో గెలిచాడు. తర్వాత ఇంగ్లండులో చూపించిన దాంట్లో అలీ గెలిచాడు.

యంత్రం ఒకటే. మనుషులు వాళ్ళే. చూసేవాళ్ళు మారితే గెలిచినవాడు మారిపోయాడు. ఈ సంగతి తెలిశాక నాకు మన వరండా వాదనలు అర్థమయ్యాయి. పంజాబీ బస్తీలో గామా గెలుస్తాడు, మన చాల్‌లో రామ్మూర్తి గెలుస్తాడు, కలకత్తాలో భీమ భవానీ గెలుస్తాడు. ఇలాంటి పోటీలో తీర్పు చెప్పేది బరి కాదు, మన అభిమానం.

దారా సింగ్ విషయమూ అంతే. ఆయన కింగ్ కాంగ్ వంటి దాదాపు 200 కిలోల మనిషితో తలపడ్డాడు. 1968 మే 29న ఇదే బొంబాయిలో అమెరికా పైల్వాన్ లూ థెజ్‌ను గెలిచాడు. అందగాడు, సినిమా హీరో, చివరికి టీవీ రామాయణంలో హనుమంతుడు. మా తరానికి ఆయన్ని మించినవాడు లేడు. కానీ ఫ్రీస్టైల్ కుస్తీ వేరు, గామా మట్టి కుస్తీ వేరు, రామ్మూర్తి ఏనుగు వేరు. ముగ్గురినీ ఒకే తక్కెడలో వేయలేం.

తక్కెడ ఉంటే ఎలా ఉంటుందో చూడాలంటే రామ్మూర్తి పుట్టిన శ్రీకాకుళం సీమకే వెళ్ళాలి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ మన తెలుగు ఆడబిడ్డ. బంగారు పతకానికీ ఆమెకూ తేడా రెండున్నర కిలోలే. ఇందులో అభిమానానికి చోటు లేదు. బరువు రాసి ఉంది, తేదీ రాసి ఉంది. వందేళ్ళ తర్వాత కూడా ఎవరూ పెంచలేరు, తగ్గించలేరు. రామ్మూర్తికి ఆ అదృష్టం లేదు. ఆయన మోసిన ఏనుగును ఎవరూ తూచి పెట్టలేదు. అందుకే కథ చెప్పే ప్రతివాడి నోటా ఆ ఏనుగు కొంచెం పెరుగుతూ పోయింది.

చివరి రోజులు

వాదనల్లో ఎవరూ చెప్పని భాగం ఒకటి ఉంది. రామ్మూర్తి బాగా సంపాదించారు, సంపాదించింది దగ్గర పెట్టుకోలేదు. స్వాతంత్ర్యోద్యమానికి, అడిగినవాళ్ళకు ఇచ్చేశారు. వయసు మీద పడ్డాక కాలికి పుండు లేచి, ఆ కాలు తీసేయాల్సి వచ్చింది. మత్తుమందు వద్దని, ఊపిరి బిగబట్టి కూర్చొని ఆపరేషన్ చేయించుకున్నారని చెబుతారు. రెండు కార్లు లాగినా జరగని కాలది. ఇనుప గొలుసుకు, ఏనుగుకు లొంగనివాణ్ణి ఒక పుండు లొంగదీసింది.

చివరి రోజులు స్వగ్రామంలో గడవలేదు. ఒడిశాలో అప్పటి పాట్నా సంస్థానం రాజధాని బలంగీర్‌లో, రాజు ఆశ్రయంలో ఉన్నారు. 1942 జనవరి 16న, సంక్రాంతి పండుగ రోజుల్లో, అక్కడే కన్నుమూశారు. వీరఘట్టంలో పండుగ, ఆయన పరాయి ఊళ్ళో. ముంబైలో పుట్టి పెరిగి, తాతల ఊరికి పండుగకు కూడా పోలేని మనకు ఈ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగులుతుంది.

ఇవాళ విశాఖపట్నం బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉంది. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరు పెట్టారు.  విగ్రహం, స్టేడియం అక్కడివాళ్ళకు. ఇక్కడ మనకేం ఉంది?

మన దగ్గర ఉన్నది ముచ్చటే. అదీ ఎంతకాలమో తెలియదు. కామాఠీపురాలో పాత బిల్డింగులు, వర్లీ చాల్‌లు, ధారావిలో మన ఖోలీలు అన్నీ కూలగొట్టి టవర్లు కట్టే రోజులు ఇవి. టవర్లలో లిఫ్టు ఉంటుంది, వరండా ఉండదు. వరండా లేకపోతే రాత్రి ముచ్చట ఉండదు. పిల్లలకు అలీ, టైసన్ ఫోనులో దొరుకుతారు. రామ్మూర్తి మన నోటి నుంచే దొరకాలి.

అయితే దొరికేది నిజమైన రామ్మూర్తి కావాలి. ఆయన టైసన్‌ను కొట్టేవాడని చెబితే పిల్లలు ఒక్క నిమిషంలో ఫోను చూసి నవ్వుతారు. ఆ తర్వాత మనం చెప్పే నిజాన్ని కూడా నమ్మరు. మనవాడు కాబట్టి జరగని పోటీలో గెలిపించడం ఆయనకు గౌరవం కాదు. తల్లి లేని పిల్లవాడు, డ్రిల్లు మాస్టారు, ఉద్యోగం వదులుకొని డేరా వేసుకొని దేశం తిరిగినవాడు, బలహీనుల దేశమని దొరలు అంటున్నప్పుడు వాళ్ళ రాజు ముందే నిలబడి బలం చూపినవాడు, సంపాదించింది పంచిపెట్టి పరాయి ఊళ్ళో పోయినవాడు. ఇంత ఉండగా కొత్తగా కల్పించాల్సిన అవసరమేముంది?

ఆ రోజు పిల్లలకు ఇంత వివరంగా చెప్పలేకపోయాను. ఇది చదివి వాళ్ళకు వినిపించండి. తర్వాత కావాలంటే వాళ్ళనే అడగండి, గామా గెలిచేవాడా, రామ్మూర్తి గెలిచేవాడా అని. వాళ్ళు వాదించుకోవడం మొదలుపెడితే మన పని అయినట్టే.

ఒక మనవి. మీ ఇళ్ళల్లో పాత సర్కస్ ఫోటోలు, కరపత్రాలు, తాలీం ఫోటోలు, తాతల కాలం గదలు, ముద్గరాలు ఉంటే ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాత సామాను వాడికి వేయకండి. సంఘం ఆఫీసుకు తెచ్చివ్వండి. పేరు రాసి, రసీదు ఇచ్చి, జాగ్రత్త చేస్తాం.